చీఫ్ ఇంజినీరు గారి భార్య

న్యూయార్క్ వెళ్ళిన మనవాళ్ళలో బ్రూక్లిన్ బ్రిడ్జి మీద ఫోటో దిగనివాళ్ళు తక్కువ. అది కట్టిందెవరు అనడిగితే గూగుల్ చేసి మరీ రోబ్లింగ్ అని చెప్తారు. సరే, ఏ రోబ్లింగ్?

జాన్ రోబ్లింగ్ జర్మనీ నుంచి వలసొచ్చిన ఇంజినీరు. ఇనపతీగలతో తాళ్ళు పేనడం, వాటితో వేలాడే వంతెనలు కట్టడం ఆ ఇంటి వ్యాపారం. బ్రూక్లిన్ బ్రిడ్జికి డిజైన్ ఆయనదే. 1869లో సర్వే చేస్తుండగా పడవ తగిలి కాలు నలిగింది, ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ 32 ఏళ్ళకే చీఫ్ ఇంజినీరయ్యాడు. పునాదుల కోసం నది అడుగున, గాలి ఒత్తిడితో నింపిన పెద్ద పెట్టెల్లోకి దిగి తవ్వాలి. అందులోంచి గబుక్కున పైకొస్తే రక్తంలో బుడగలు పుడతాయని అప్పట్లో సరిగా తెలీదు. 1872లో వాషింగ్టన్ ఆ జబ్బుతోనే మంచాన పడ్డాడు.

అక్కణ్ణుంచి పని ముందుకి నడిపింది ఆయన భార్య ఎమిలీ. ఇంజినీరింగ్ చదివిన మనిషి కాదు. భర్త చెప్తుంటే ఉత్తరాలు, స్పెసిఫికేషన్లు రాస్తూ రాస్తూనే కేబుల్ వంపు లెక్కలు, పదార్థాల బలం నేర్చుకుంది. సైటుకెళ్ళి అసిస్టెంట్ ఇంజినీర్లకి సూచనలు చెప్పేది, వాళ్ళ సందేహాలు మోసుకొచ్చేది. మన భాషలో చెప్పాలంటే ఆన్‌సైట్ కోఆర్డినేటర్ అన్నమాట. ఒకటీ రెండూ కాదు, దాదాపు పదేళ్ళు!

1882లో ట్రస్టీలు కంటికి కనపడని చీఫ్ ఇంజినీరు ఎందుకని ఓటింగు పెట్టారు. 10-7తో వాషింగ్టన్ గట్టెక్కాడు. ఓడిపోయుంటే? ఆయనకి పోయేది పదవి. ఎమిలీకి పోవడానికి పదవంటూ ఏదీ లేదు, చేసిన పనంతా పోయేది.

1883 మే 24న బ్రిడ్జి తెరిచారు. ఆ సభలో ఏబ్రమ్ హెవిట్ ఆవిడ సేవని పేరెత్తి మరీ పొగిడాడు.

ఇప్పుడు ఆవిడ గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. "భర్త మాటలు మోసిందంతే" అనేది ఒకటి, "అసలు బ్రిడ్జి కట్టిందే ఆవిడ" అనేది రెండోది. నాకు రెండూ ఒప్పవు. ఇంజినీరింగ్ నిర్ణయాలు వాషింగ్టన్‌వే, అది దాచక్కర్లేదు. కానీ విషయం అర్థం కాని కోఆర్డినేటర్ ఏం చేస్తాడో మనకి తెలుసు కదా, మెయిల్ ఫార్వార్డ్ చేస్తాడు, అంతే. అవతలివాడి ప్రశ్నని సరిగ్గా మోసుకురావాలంటే సగం జవాబు తెలిసుండాలి.

ఇంకో సంగతి. ఆ కుటుంబ కంపెనీ పేరు "జాన్ ఎ. రోబ్లింగ్స్ సన్స్". కోడలికి బోర్డు మీద చోటెక్కడిది? మన ఊళ్ళలో "అండ్ సన్స్" బోర్డుల వెనక కూలీల లెక్కలు చూసే ఆడవాళ్ళు ఎంతమందో! కాగితం మీద డైరెక్టరు, సంతకానికి మాత్రమే. లేదా పనంతా తనదే, కాగితం మీద పేరుండదు.

ఎమిలీ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో లా కోర్సు చేసి 1899లో సర్టిఫికెట్ తీసుకుంది. భార్యలకి చట్టంలో సమాన హక్కులుండాలని వ్యాసం రాసింది. ఎందుకు రాసిందో వేరే చెప్పాలా! 1903లో కన్నుమూసింది. బ్రిడ్జి మీద ఆవిడ పేరుతో ఫలకం పెట్టింది 1951లో, అంటే తెరిచిన 68 ఏళ్ళకి.

ఈసారి వెళ్తే ఫోటో ఆ ఫలకం దగ్గర కూడా దిగండి.