యాంగిల్‌పాయిస్ టైప్ 75 - పాల్ స్మిత్ దీపాలు

యాంగిల్‌పాయిస్ టైప్ 75 పాల్ స్మిత్ దీపాలు బ్రిటన్‌కు చెందిన యాంగిల్‌పాయిస్ సంస్థ వారి బల్లదీపానికి (టేబుల్ ల్యాంపు) రంగుల రూపాంతరాలు. ఆంగ్ల వస్త్ర రూపకర్త సర్ పాల్ స్మిత్ వీటికి రంగులు కూర్చాడు. మొదటి దీపం 2014లో వెలువడింది. దీపం పనిచేసే తీరును ఆయన మార్చలేదు; మారినవి రంగులు మాత్రమే.

== మూలరూపం ==

ఈ దీపానికి మూలపురుషుడు జార్జ్ కార్వర్డైన్ (1887-1947). బాత్ నగరానికి చెందిన ఈ ఇంజనీరు మోటారు వాహనాల కుదుపును తగ్గించే స్ప్రింగు అమరికలపై కృషి చేశాడు. ఆ అనుభవంతోనే, ఎటు కదిపినా వదిలిన చోటనే నిలిచే ఒక చేతిని రూపొందించి 1932లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెడ్డిచ్ పట్టణంలో స్ప్రింగులు తయారుచేసే హెర్బర్ట్ టెర్రీ అండ్ సన్స్ సంస్థ దీనిని దీపంగా ఉత్పత్తి చేసింది. తొలి నమూనా 1208కి నాలుగు స్ప్రింగులు ఉండేవి. ఇళ్లలో వాడుకకు 1935లో వచ్చిన 1227 నమూనాకు మూడే సరిపోయాయి.

== పనిచేసే విధానం ==

దీపపు చేయి నిలువుగా ఉన్నప్పుడు దాని బరువు వలన కీలు వద్ద కలిగే బలభ్రామకం స్వల్పం. చేయి కిందికి వంగేకొద్దీ అది పెరుగుతుంది. అయితే వంగేకొద్దీ స్ప్రింగు కూడా సాగి, అంతకంతకూ గట్టిగా వెనక్కు లాగుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోయేటట్లు స్ప్రింగును తగిన చోట తగిలిస్తే చేయి ఏ కోణంలోనైనా సమతాస్థితిలో ఉంటుంది. మరలు బిగించే పని ఉండదు. ఒక వేలితో కదిపితే చాలు. మన ముంజేతిని కండరాలు పట్టి ఉంచడం కూడా ఇటువంటిదే. స్ప్రింగులు పీఠం దగ్గరే ఉంటాయి కనుక పైభాగం సన్నగా, తేలికగా ఉంటుంది.

== రంగుల కూర్పు ==

టైప్ 75 దీపాన్ని సర్ కెన్నెత్ గ్రాంజ్ (1929-2024) రూపొందించగా 2004లో విడుదలైంది. పాల్ స్మిత్ (జననం 1946) 1970లో నాటింగ్‌హామ్‌లో చిన్న దుకాణంతో మొదలుపెట్టి, రంగురంగుల చారల వస్త్రాలతో ప్రసిద్ధుడైనాడు. దీపం మొత్తానికి ఒకే రంగు పూయక గొడుగుకు ఒకటి, చేతులకు వేరొకటి, పీఠానికి మరొకటి చొప్పున ఆయన రంగులు పంచాడు. మొదటి కూర్పులో లేత రంగులు ఎక్కువ. మూడవదానిలో డచ్చి చిత్రకారుడు పీట్ మోండ్రియన్ చిత్రాలను తలపించే ఎరుపు, పసుపు, నీలం కనిపిస్తాయి.

ఇది పై మెరుగు మాత్రమేనని అనిపించవచ్చు. కానీ ఒకే రంగు దీపంలో కలిసిపోయి కనిపించే భాగాలు ఇక్కడ విడివిడిగా తెలుస్తాయి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ కీలు దగ్గర వంగుతుందో చూడగానే గ్రహించవచ్చు. విద్యార్థికి యంత్రపటంలో భాగాలకు వేర్వేరు రంగులు వేసి చూపినట్లే ఉంటుంది.

== పొరపాటు ==

పిక్సార్ సంస్థ 1986 నాటి లఘుచిత్రం లక్సో జూనియర్‌లో గెంతే దీపం యాంగిల్‌పాయిస్ అని చాలామంది భావిస్తారు. దానికి ఆధారం లక్సో ఎల్-1 దీపం. కార్వర్డైన్ రూపకల్పనపై హక్కులు పొందిన నార్వే దేశీయుడు యాక్ యాకబ్‌సెన్ దీనిని 1937లో తయారుచేశాడు. లక్సోలో పై చేతికి కూడా స్ప్రింగులుంటాయి. రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి ఇదే సులువైన ఆనవాలు.