కుక్క గజ్జి - కారణాన్వేషణ చరిత్ర

తిరుచానూరు వీధులలోనైనను, మరే ఊరిలోనైనను, వెండ్రుకలు రాలి, చర్మము మందమై, ఎడతెగక గోకికొను కుక్క ఒకటి కనబడును. ‘గజ్జికుక్క’ అని అదలించి తరుముట మనకు అలవాటు. తెలుగులో అది తిట్టుగా కూడ స్థిరపడినది. కాని ఆ ఒక్క మాట చాటున పెక్కు రోగములున్నవి. వాటిని వేరుచేసి గుర్తించుటకు దాదాపు మూడు శతాబ్దములు పట్టినది. ఆ అన్వేషణ మొదలైనది కుక్కతో కాదు, మనిషితో.

చెడిన రక్తమే గజ్జికి మూలమని ఐరోపా వైద్యులు నమ్ముచుండిరి. ఇటలీలోని లివోర్నో రేవుపట్టణములో పేద తల్లులు మాత్రము పిల్లల చర్మమునుండి సూదిమొనతో ఏదో తీసి నలిపివేయుచుండిరి. బొనోమో అను వైద్యుడు, చెస్తోని అను మందుల వ్యాపారి ఆ ‘ఏదో’ను సూక్ష్మదర్శిని క్రింద ఉంచి చూచినారు. తాబేలు ఆకారముగల చిన్న పురుగు కనబడినది. అది గ్రుడ్డు పెట్టుట కూడ చూచినారు. 1687లో ఈ సంగతి ప్రకటించినను పెద్ద వైద్యులు లెక్కచేయలేదు.

1812లో పారిస్‌లో గాలేస్ అను విద్యార్థి గజ్జిపురుగును చూపితినని సిద్ధాంతవ్యాసము వ్రాసినాడు. అతని బొమ్మలోనిది జున్నులో పెరిగెడి పురుగని 1829లో రాస్పాయ్ బయటపెట్టినాడు. దానితో పురుగే లేదను వాదము బలపడినది. ఒక దొంగసాక్ష్యము వలన నిజమైన సాక్షి మాట కూడ చెల్లకపోవుట న్యాయస్థానములలోనే కాదు, శాస్త్రములోను కలదు.

చిక్కు విడదీసినవాడు కోర్సికా ద్వీపమునుండి వచ్చిన రెనూచి అను విద్యార్థి. 1834లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో, అందరి ఎదుట, రోగి చర్మమునుండి పురుగును సూదితో తీసి చూపినాడు. ఆ నేర్పు అతడు తన ద్వీపములోని పల్లె స్త్రీలను చూచి అలవరచుకొన్నదే. వైద్యులు పొక్కులో వెదకుచుండిరి. పురుగు పొక్కులో ఉండదు, దాని ప్రక్కన చర్మములో తాను తొలిచిన సన్నని సొరంగము కొనను ఉండును.

కుక్కను పీడించునది ఈ పురుగు యొక్క మరియొక రకము. చెవుల అంచులు, మోచేతులు దానికి ఇష్టమైన తావులు. కుక్కను ముట్టినవారికి కూడ కొంతకాలము దురద కలుగవచ్చును. చర్మము గీకి చూచినప్పుడు పురుగు తరచు దొరకదు. అందుచేత అనుమానము గట్టిదైనచో వైద్యుడు మందు ఇచ్చి ఫలితము చూచును.

1842లో బెర్లిన్‌లో సైమన్ మనిషి రోమకూపములలో పొడవైన మరియొక పురుగును వర్ణించినాడు. కుక్కలోని దాని జాతికి 1859లో లైడిగ్ పేరు పెట్టినాడు. ఇక్కడ కథ అడ్డము తిరిగినది. ఈ పురుగు ఆరోగ్యముగా ఉన్న కుక్కలలో కూడ కలదు! పుట్టిన కొద్దిదినములలో, పాలు త్రాగునప్పుడు, తల్లినుండి పిల్లకు వచ్చును. శరీరరక్షణశక్తి తగ్గినప్పుడే అది విపరీతముగా వృద్ధిచెంది రోగమగును. కనుక పురుగు కనబడినంత మాత్రమున కారణము తెలిసినట్లు కాదు.

చర్మములో ఏ పురుగును లేకయే దురద కలుగుటయు ఉన్నది. 1941లో అమెరికాలో విట్టిచ్ ఒక కుక్కలో ఋతువును బట్టి వచ్చు పుప్పొడి అలర్జీని వర్ణించినాడు. 1964లో హాలెండులోని లైడెన్ పరిశోధకులు ఇంటిదుమ్ములోని అలర్జీకి అందులో బ్రతుకు సూక్ష్మమైన పురుగులే మూలమని తెలిపినారు. 1966లో ఇషిజాకా దంపతులు అలర్జీ కలిగించు ప్రతిరక్షకమును గుర్తించినారు. కుక్కలలో కూడ దుమ్ముపురుగులు అలర్జీకి ముఖ్యకారణములలో ఒకటి. మిన్నల్లి కాటుకు కలుగు దురద కూడ ఇట్టిదే. దాని లాలాజలము పడని కుక్కకు కొద్ది కాట్లే చాలును.

తిరుచానూరుకు దగ్గరనే, తిరుపతిలో, 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది. అట్టి చోట్ల నేర్పు వరుస ఇది: ముందు చర్మము గీకి చూచుట, సన్నని దువ్వెనతో మిన్నల్లులను వెదకుట, బూజు, సూక్ష్మజీవుల పరీక్ష. ఇవి తేలిన పిదప ఆహారముపై అనుమానము. కుక్క అంతవరకు తినని పదార్థములను మాత్రమే సుమారు 8 వారములు పెట్టుదురు. దురద తగ్గినను పరీక్ష ముగియదు. పాత ఆహారము మరల పెట్టి, దురద తిరిగి వచ్చినప్పుడే ఆహారమే కారణమని నిర్ణయింతురు.