తలకి తగిలిన దెబ్బ

ఆటలన్నాక దెబ్బలు తగలవా అంటాం. మోకాలు చీరుకుపోతే పసుపు అద్దుతాం. నెత్తి బొప్పి కడితే అరచేత్తో రుద్దేసి, "ఏం కాలేదు, పోయి ఆడుకో" అంటాం. ఆ మాట ఎంత ప్రమాదమో అమెరికాలో చట్టానికెక్కింది, ఒక పిల్లవాడి వల్ల.

2006 అక్టోబరు. వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ళ జాకరీ లైస్టెడ్ బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. (మనం కాలితో తన్నే ఆట కాదు, ఒకరినొకరు గుద్ది పడేసే ఆట.) తల నేలకి కొట్టుకుంది. కాసేపు బయట కూర్చుని మళ్ళీ దిగాడు. ఆట అయ్యాక కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తస్రావం! పుర్రె ఎముక తీసి ఆపరేషను చేశారు. తొలి మాట రావడానికే 9 నెలలు పట్టింది. ఆ తల్లి ఆ 9 నెలలూ ఎలా గడిపిందో!

2009లో అతని పేరనే ఆ రాష్ట్రం చట్టం చేసింది. అనుమానమొస్తే చాలు, ఆటలోంచి తీసెయ్యాలి; వైద్యులు రాసిచ్చాకే మళ్ళీ దించాలి. 2014కల్లా 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలొచ్చాయి.

డాక్టర్లు దీన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పాలనేం లేదు, స్కానులో కనబడాలనీ లేదు. పిల్లవాడు అడిగిందే అడుగుతాడు, తలనొప్పంటాడు, వెలుతురు చూడలేడు, తూలుతాడు. తేరుకోని మెదడుకి రెండో దెబ్బ తగిలితే ముప్పు ఎక్కువ. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత మెల్లగా చదువు, నడక, పరుగు. ఆట అన్నిటికన్నా ఆఖర్న. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవకపోయినా వెంటనే ఆస్పత్రికి.