నెట్‌ను మింగేసిన ఒక్క మాట

శుక్రవారం రాత్రి పదకొండు దాటింది. మాదాపూర్‌లోని ఓ ఆఫీసులో ఫ్లోరంతా ఖాళీ. కుర్ర ఇంజినీరు సొంతంగా కట్టిన లైనక్స్ 6.1 కెర్నల్ బూట్ అయింది. లాగిన్ కూడా అయ్యాడు. హుషారుగా పింగ్ కొట్టాడు. నెట్ రాలేదు. అసలు నెట్‌వర్క్ కార్డే లేనట్టుంది మెషీన్ వరస.

కార్డు డ్రైవర్ మాడ్యూల్‌ను ఎక్కిద్దామని మోడ్‌ప్రోబ్ ఇ1000ఇ అని కొట్టాడు. 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అంది. ఇంతకన్నా దారి తప్పించే ఎర్రర్ ఉండదు. ఎవరైనా ఫైలే పాడైందనుకుంటారు.

సీనియర్‌కి ఫోన్ చేశాడు.

"అన్నా, మాడ్యూల్ ఎక్కుతలేదు. ఫైలేమో ఉంది."

"యునేమ్ ఏం చెప్తుంది?"

"6.1.0. లిబ్ మాడ్యూల్స్ కింద ఫోల్డర్ పేరు గూడ అదే. పేర్లు కలిసినయ్ గదన్నా!"

"పేరు పక్కనబెట్టు. డీమెసేజ్ చివర ఏముందో చదువు."

వెర్షన్ మ్యాజిక్ గురించి ఉంది. మాడ్యూల్ మీద '6.1.0 ఎస్ఎంపీ మాడ్_అన్‌లోడ్' అనే ముద్ర. కెర్నల్ అడుగుతున్నది '6.1.0 ఎస్ఎంపీ ప్రీఎంప్ట్ మాడ్_అన్‌లోడ్'. తేడా ఒక్క మాట.

"నడుమ కాన్ఫిగ్ ఏమన్న మార్చినవా?"

కుర్రాడు నీళ్లు నమిలాడు. మధ్యాహ్నం అంతా బిల్డ్ చేసి మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేశాడు. సాయంత్రం మెనూకాన్ఫిగ్‌లో ప్రీఎంప్షన్ మార్చి, కెర్నల్ ఇమేజ్ ఒక్కటే మళ్లీ కట్టి బూట్‌లో పడేశాడు. కెర్నల్ కొత్తది, మాడ్యూళ్లు పాతవి. వెర్షన్ నంబరు మారలేదు కాబట్టి ఫోల్డరూ మారలేదు. డిస్క్ డ్రైవర్, ఈఎక్స్‌టీ4 కెర్నల్‌లోనే కలిపి ఉండబట్టి లాగిన్ దాకానైనా వచ్చింది. లేకుంటే బూట్‌లోనే చతికిలపడేది.

"ఫోర్స్ పెట్టి ఎక్కియ్యనా అన్నా?"

"పిచ్చి పని చెయ్యకు!"

ఆ కేక సబబే. కాన్ఫిగ్ మారితే కెర్నల్ లోపలి స్ట్రక్చర్ల కొలతలే మారిపోవచ్చు. పాత కొలతలతో కట్టిన డ్రైవర్ తనది కాని మెమరీలో రాసేస్తే, మెషీన్ ఎప్పుడు ఎక్కడ కూలుతుందో చెప్పలేం. మాడ్యూల్‌ను బలవంతంగా ఎక్కిస్తే కెర్నల్ తన మీద తనే 'ఎఫ్' అనే మచ్చ కూడా వేసుకుంటుంది.

గ్రబ్ మెనూలోంచి డిస్ట్రో ఇచ్చిన పాత కెర్నల్‌తో బూట్ చేశాడు. అదే సోర్సు, అదే కాన్ఫిగ్‌తో మాడ్యూళ్లన్నీ మళ్లీ కట్టి ఇన్‌స్టాల్ చేశాడు. సీనియర్ గుర్తుచేస్తే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కూడా మళ్లీ కట్టాడు. పాత మాడ్యూళ్ల నకళ్లు అందులోనూ ఉంటాయి, చాలామంది మరిచేది దాన్నే. కొత్త కెర్నల్‌తో రీబూట్ చేస్తే పింగ్‌కి జవాబొచ్చింది.

సొంత కెర్నల్ కట్టుకునేవాళ్లు కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా లోకల్‌వెర్షన్‌లో కొత్త తోక తగిలించండి. దాంతో ఫోల్డర్ వేరవుతుంది, పాత మాడ్యూళ్లు కొత్త కెర్నల్ కంట పడవు. బయటి నుంచి తెచ్చుకున్న డ్రైవర్లుంటే వాటిని మాత్రం విడిగా మళ్లీ కట్టుకోవాల్సిందే.