కెమెరా కడుపులో అద్దం



అద్దం అనగానే మనకు గుర్తొచ్చేది బొట్టు పెట్టుకునే అద్దం. కాని మన పిల్లల మెడల్లో వేలాడే పెద్ద కెమెరాల్లో కూడా ఒక చిన్న అద్దం ఉంటుంది. కొండాపూర్‌లోని బొటానికల్ గార్డెన్‌కి పొద్దున్నే వెళ్ళి చూడండి. పిట్టల కోసం కెమెరా పట్టుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. మీట నొక్కగానే "టక్" మని వినిపిస్తుంది చూశారూ, అందులో ఆ అద్దం చప్పుడు కూడా ఉంది. ఇవాళ ఆ అద్దం కథ చెప్పుకుందాం. ఇదేదో మగవాళ్ళ యంత్రాల గొడవ అనుకోకండి. చూసేదెవరు, ఎప్పుడు చూస్తారు అన్నదే ఇందులో అసలు సంగతి. ఆ ప్రశ్న మన హైదరాబాదు స్త్రీలకు కొత్తది కాదు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో ఉత్తరాదిన సర్ధనాలో పుట్టారు. 1880ల్లో సికింద్రాబాదు వచ్చి స్టూడియో పెట్టారు. ఆ రోజుల్లో ఘోషా కట్టుబాటు గట్టిది, పరాయి మగవాడి ఎదుట కూర్చుని ఫోటో తీయించుకోవడం కుదరని పని. అందుకని ఆయన 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో అని స్త్రీల కోసమే ఒకటి తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫోటోలు తీసేది కెన్నీ లెవిక్ అనే దొరసాని, ఆమెకు సాయం చేసేది ఇక్కడి ఆడవాళ్ళే. నూట ముప్ఫై ఏళ్ళ క్రిందట మన ఊళ్ళో కెమెరా వెనకాల స్త్రీలు నిలబడ్డారంటే గర్వంగా లేదూ?

ఆ కాలపు పెద్ద చెక్క కెమెరాలు ఎలా ఉండేవంటే, వెనక ఒక గరుకు గాజు ఉంటుంది. నల్లగుడ్డ కప్పుకుని దానిలోకి చూస్తే ఎదుటి మనిషి తలక్రిందులుగా కనిపిస్తుంది. అంతా సరిచూసుకున్నాక ఆ గాజు ఉన్న చోట ఫోటో పలక పెట్టాలి. పలక పెట్టాక ఇంక ఏమీ కనిపించదు! బొమ్మ పడే వేళకి తీసేవాళ్ళు గుడ్డివాళ్ళే అన్నమాట. అందుకే కూర్చున్నవాళ్ళు కదలకూడదు, నవ్వకూడదు. పాత ఫోటోల్లో మన ముత్తవ్వల ముఖాలు అంత బిగుసుకుని ఉండడానికి ఇదీ ఒక కారణమే.

దీనికి ఇంగ్లండులో థామస్ సటన్ అనే ఆయన 1861లోనే ఒక ఉపాయం ఆలోచించి పేటెంటు తీసుకున్నాడు. లెన్సు వెనక ఏటవాలుగా ఒక అద్దం పెడితే, వచ్చిన వెలుగు పైకి తిరిగి గాజు మీద పడుతుంది. కావలసినట్టు చూసుకుని, అద్దాన్ని ప్రక్కకు తప్పిస్తే అదే వెలుగు వెనక ఉన్న పలక మీద పడుతుంది. చూసే లెన్సూ, తీసే లెన్సూ ఒకటే. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అనే మాటకు అర్థం ఇదే. డిజిటల్ చేరితే డి.ఎస్.ఎల్.ఆర్. అయింది.

అద్దం బొమ్మను నిలువుగా సరిచేస్తుంది గాని కుడి ఎడమలను తారుమారు చేస్తుంది. మన డ్రెసింగ్ టేబిలు సంగతే కదా ఇది! 1949లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్ కెమెరాలో పైన ఐదు పలకల గాజు దిమ్మ ఒకటి అమర్చి ఆ చిక్కు తీర్చారు. పెద్ద కెమెరాల నెత్తిన మూపురంలా కనిపించేది ఆ దిమ్మ కోసమే.

ఇంకో బాధ మిగిలింది. డ్రెస్డెన్‌లోనే 1936లో వచ్చిన ఎక్జాక్టా లాంటి కెమెరాల్లో అద్దం పైకి లేస్తే మళ్ళీ ఫిలిం తిప్పేదాకా దిగేది కాదు, కన్ను పెడితే చీకటే. 1954లో జపానులో అసాహి కంపెనీ, లేచిన అద్దం తనంత తానే వెంటనే దిగేటట్టు చేసింది. ఆ పద్ధతే చివరికి అందరికీ అలవాటైంది.

దిగినా సరే, ఆ రెప్పపాటు చీకటి మాత్రం పోలేదు. పెళ్ళి పీటల మీద జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఉందనుకోండి. ఫోటోగ్రాఫరు సరిగ్గా మీట నొక్కాడు, బొమ్మ చక్కగా పడింది. కాని ఆ ఒక్క క్షణాన్నీ అతను చూడలేదు! అద్దం అడ్డం లేచింది. ముందు క్షణం చూశాడు, తరువాతి క్షణం చూశాడు.

ఈ చీకటిని పోగొట్టాలని 1965లో కానన్ కంపెనీ పెలిక్స్ అనే కెమెరా తెచ్చింది. అందులో అద్దం అసలు కదలదు. పాల మీద మీగడలా పలుచని పొర అది. మూడింట రెండు వంతుల వెలుగును ఫిలిం మీదికి పోనిచ్చి, మిగిలినది కంటికి పంపుతుంది. అదురు లేదు, చీకటి లేదు. కాని ఆ సుఖానికి ఖరీదు ఉంది. ఫిలింకి వెలుగు తగ్గింది, కంటికి మసకగా కనిపించింది. పైగా ఆ పొర మీద దుమ్ము పడితే తుడవడం ప్రాణసంకటం. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి, సంసారంలో మనకు తెలియని నీతా ఇది?

డిజిటల్ వచ్చాక ఫిలిం పోయింది, అద్దం పోలేదు. 1991లో కొడాక్ కంపెనీ ఒక నికాన్ కెమెరాకే డిజిటల్ భాగం అతికించి అమ్మింది. బొమ్మలు దాచే పెట్టెను వేరే భుజానికి తగిలించుకోవాలి! 2003లో కానన్ 300డి వచ్చాక మామూలు సంసారులు కూడా కొనగలిగారు. దానిలో బొమ్మ పడే పలక చిన్నది, అద్దమూ చిన్నదే. 2004లో ఒలింపస్ వాళ్ళు అద్దం పైకి లేవకుండా, తలుపు రెక్కలా ప్రక్కకు తెరుచుకునేటట్టు చేశారు. ఆ కెమెరాకి నెత్తిన మూపురం లేదు. 2010లో సోనీ మళ్ళీ కదలని పలుచని అద్దం పెట్టింది. ఈసారి ఆ అద్దం కంటికి చూపించడానికి కాదు, ఫోకస్ కుదిర్చే భాగానికి వెలుగు అందించడానికి. కంటికి బొమ్మను ఒక చిన్న టీవీ తెర చూపించింది.

తెరే చూపిస్తున్నప్పుడు ఇంక అద్దమెందుకు? 2008లోనే పానసోనిక్ అద్దం లేని జి1 తెచ్చింది. 2018లో కానన్, నికాన్ కూడా పెద్ద కెమెరాల్లో ఆ దారి పట్టాయి. మన చేతిలో ఉన్న సెల్‌ఫోనులోనూ ఇలాంటి అద్దం లేదు. దీన్‌దయాళ్ గారి చెక్క పెట్టెలోనూ లేదు. మధ్యలో వచ్చిన అద్దం, మధ్యలోనే పనిచేసి తప్పుకుంటోంది.

ఇక మన ఇంటి మాట. మన కాలనీల్లో అమెరికా నుంచి వచ్చిన పిల్లలు వదిలి వెళ్ళిన డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు ఎన్ని బీరువాల్లో మూలుగుతున్నాయో! పాతదని పారేయకండి, లెన్సు బాగుంటే బొమ్మ ఇప్పటికీ బాగానే వస్తుంది. కాని ఒక్కటి మరువకండి. మన ఇంటి అద్దానికి పూత వెనక ఉంటుంది, కెమెరా అద్దానికి ముందు వైపే ఉంటుంది. చీర కొంగుతో తుడిచారా, గీతలు పడ్డట్టే. ఆ అద్దం మీది నలుసు చూసేటప్పుడు కంటికి అడ్డు రావచ్చు గాని ఫోటోలో పడదు, ఎందుకంటే బొమ్మ పడే వేళకి అద్దం తప్పుకుంటుంది. రబ్బరు బుడ్డితో మెల్లగా గాలి కొడితే చాలు. నోటితో ఊదవద్దు, తుంపరలు పడతాయి.

ఇంకొక మాట. ఇంట్లో శుభకార్యం జరిగితే ఆల్బం అంతా తిరగేయండి, అందులో లేనిది ఎవరు? తీసినవాళ్ళు. మన ఇళ్ళలో తీసేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళే కాబట్టి వాళ్ళు చూసిందే మన జ్ఞాపకమై కూర్చుంటుంది. వంటింట్లో పులిహోర కలుపుతున్న అత్తగారి చేతులు, పందిరి వెనక కునుకు తీస్తున్న చంటిపిల్ల, ఇవి మన కంటికే ఆనతాయి. జనానా స్టూడియోలో ఆ స్త్రీలు చెక్క పెట్టె వెనక నిలబడగా లేనిది, బీరువాలోని కెమెరా బయటికి తీయడానికి మనకు సందేహమెందుకు? ముందు బ్యాటరీ ఛార్జింగ్‌కి పెట్టండి.