బొమ్మలో లేని సాయిబు

చందమామ 1947 జూలైలో మద్రాసులో, తెలుగులోనూ తమిళంలోనూ మొదలయింది. పెట్టింది నాగిరెడ్డి, చక్రపాణి. దేశానికి స్వాతంత్ర్యం, విభజన రెండూ వచ్చిన నెలకు సరిగ్గా ముందు నెల. ఈ తేదీని మేం ఊరికే గుర్తు చెయ్యడం లేదు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా తెలుగు పిల్లలకు మన ఊరు, మన రైతు, మన రాజు ఎలా ఉంటారో చూపించింది ఈ పత్రికే. అందులో ముస్లిం ఎలా ఉన్నాడు? నలభై దాటాక పాత సంచికలు తిరగేస్తుంటే మాకు తగిలిన ప్రశ్న ఇది.

ముందు రుణం చెప్పుకోవాలి. కార్వేటినగరం వంటి చోట చందమామ లేకపోతే మా తెలుగు ఇంత సాఫీగా ఉండేది కాదు. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, పుత్తూరు బస్సెక్కితే సగం తమిళం. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది గానీ బంధుత్వాలు, బేరాలు పోలేదు. అందుకే మాకు చందమామా దొరికేది, అంబులిమామా దొరికేది. బొమ్మ అదే, అక్షరాలు వేరు. ఏ అక్షరాలూ రాని మా నానీ బొమ్మలు చూసి దక్కనీలో కథ అల్లేది. ఆమె కథలో విక్రమార్కుడు బాద్షా, బేతాళుడు జిన్ను. భుజాన శవంతో నడిచే శంకర్ గారి రాజు బొమ్మకు ఆ కథ అతకలేదని మాకెప్పుడూ అనిపించలేదు.

1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. మార్క్సిస్టు భావాల మనిషి, మతం నూరిపోసే రకం కాదు. చందమామ ముస్లింను దుర్మార్గుడిగా చూపిందని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. అరేబియన్ నైట్స్ కథలు అందులో ఎంతో ఆదరంగా వచ్చాయి. ఇబ్బంది వేరే చోట ఉంది. చందమామ సాయిబు దూరదేశం వాడు. బాగ్దాదులో ఉంటాడు, బస్రాలో ఓడెక్కుతాడు. పక్క వీధిలో మాత్రం ఉండడు! జమీందారు, శెట్టి, పంతులు, కుమ్మరి, మంగలి అందరూ ఉన్న ఊళ్లో పరుపులు కుట్టే దూదేకులాయన లేడు, ఎద్దులకు లాడాలు కొట్టే సాయిబు లేడు, పీర్ల చావిడి లేదు. మేం తిరగేసిన సంచికల్లో అయితే కనపడలేదు.

కారణం కొంత పనితీరులోనే ఉంది. ఒకే బొమ్మ అన్ని భాషల సంచికల్లోకీ వెళ్లాలి. ఒరియా పిల్లవాడూ, మలయాళీ పిల్లవాడూ చూడగానే గుర్తుపట్టాలి. పిలక ఉంటే బ్రాహ్మడు, తలపాగా ఉంటే రైతు, గడ్డమూ ఇజారూ ఉంటే తురక. గుర్తులేవీ లేని మామూలు ముస్లింను గీసే అవసరం చిత్రాకూ, శంకర్‌కూ కథ కల్పించలేదు. మా అబ్బా పంచె కట్టేవాడు, అమ్మీ చీర కట్టేది. వాళ్లను తెచ్చి ఆ బొమ్మల్లో నిలబెడితే ముస్లింలని ఎవరు పోల్చుకుంటారు?

భాష సంగతి చూస్తే మాత్రం మాకు నవ్వొస్తుంది. చందమామ కథల్లో జమీందారు, దివాను, ఖజానా, ఇనాము, ఖైదు, సిపాయి, బజారు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టలేం. అన్నీ పారశీ, అరబ్బీ నుంచి వచ్చిన మాటలు. కార్వేటినగరం సంగతే తీసుకోండి. ఇక్కడి బొమ్మరాజులు ఆర్కాటు నవాబుకు పేష్కష్ కట్టినవాళ్లు. 1792 ఒడంబడికతో ఆ వసూలు కంపెనీ చేతికి పోయింది, 1802లో శాశ్వత శిస్తు సన్నదు వచ్చింది. పేష్కష్, సన్నదు - ఈ మాటలూ అక్కణ్ణించే. వేణుగోపాలుడి మీద సారంగపాణి పదాలు కట్టింది ఈ సంస్థానంలోనే, శిస్తు వ్యవహారాలు నడిచింది ఈ మాటలతోనే. మాటలు కథలోకి వచ్చాయి. వాటిని మోసుకొచ్చిన మనుషులు బొమ్మలోకి రాలేదు.

పోనీ ఉర్దూ వైపు వెళ్తే? ఢిల్లీ నుంచి 1948లో మొదలై 1987లో ఆగిపోయిన ‘ఖిలౌనా’ ఉండేది. మంచి పత్రిక. కానీ ఆ జబాను ఢిల్లీది. ‘నక్కో’, ‘హౌ’ అనే మా పిల్లలు అక్కడా పరాయివాళ్లే. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథలో బాబరు, అక్బరు, నూర్జహాను ఉన్నారు. సింహాసనం మీద ఉంటేనో, యుద్ధభూమిలో ఉంటేనో తప్ప మాకు పుటలో చోటు లేదన్నమాట.

చందమామ 2010ల మొదట్లో ఆగిపోయింది. శంకర్ గారు 2020లో కన్నుమూశారు. పాత సంచికలను అభిమానులు స్కాన్ చేసి పెడితే ఇప్పుడు పిల్లలు ఫోనులో చూస్తున్నారు. జిల్లాకు పంతుళ్లను తయారుచేసే డైట్ కార్వేటినగరంలోనే ఉంది. మరి బడిగోడల మీది ‘మన పండుగలు’ చార్టుల్లో ముస్లిం పిల్లవాడు ఎలా ఉంటాడో ఆ పంతుళ్లనే అడగండి. ఈ మధ్య మా అమ్మాయి ఒక పాత కథలో దర్జీ బొమ్మ చూసి ఆయన పేరేమిటంది. కథలో పేరు లేదు. ఖాదర్‌వలీ అన్నాం. బొమ్మను దగ్గరగా లాక్కుని చూసి, ‘మరి టోపీ ఏదీ?’ అంది.