జాగ్రత్త ఖర్చు ఎవరిది?: అంటువ్యాధుల నియంత్రణ, చికిత్సా వ్యయ పారదర్శకత (1897–2021)

అంటువ్యాధి కాలంలో వైద్యశాల పాటించే జాగ్రత్తలు, రోగి చేతికి వచ్చే బిల్లు పైకి వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి. భారతదేశ చట్టాల చరిత్రలో మాత్రం ఈ రెండూ ఒకే ప్రశ్న దగ్గర కలుస్తాయి. జాగ్రత్తకయ్యే ఖర్చును ఎవరు భరించాలి? ఆ సంగతి రోగికి ఎప్పుడు తెలియాలి?

బొంబాయి ప్లేగు నేపథ్యంలో వచ్చిన 1897 నాటి అంటువ్యాధుల చట్టంలోనే ఈ ప్రశ్నకు మూలం ఉంది. ఆ చట్టంలోని 2వ సెక్షను తాత్కాలిక నిబంధనలు విధించే అధికారంతో పాటు, అందుకయ్యే ఖర్చును ఎవరు, ఏ విధంగా భరించాలో నిర్ణయించే అధికారాన్నీ ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే రోగికి ముందుగా తెలుసుకునే హక్కు ఉంటుందన్న భావన అందులో లేదు.

ఎయిడ్స్ వ్యాప్తి తరువాత జాగ్రత్తల స్వరూపమే మారింది. ప్రతి రోగి రక్తాన్నీ సంక్రమణకు అవకాశమున్నదిగానే భావించాలన్న సూత్రాన్ని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1987లో విస్తృతంగా ప్రతిపాదించింది. 1996లో అది ‘ప్రామాణిక జాగ్రత్తలు’గా స్థిరపడింది. రోగి ఎవరన్నదానితో నిమిత్తం లేకుండా పాటించవలసిన జాగ్రత్త చికిత్సలో అంతర్భాగమే అవుతుంది గాని, అదనపు సేవ కాదు.

మరోవైపు రోగి హక్కుల పరిణామం వేరే మార్గంలో సాగింది. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు రుసుము తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోని ‘సేవ’గా గుర్తించింది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనలు సేవల ధరలను స్థానిక భాషలోను, ఆంగ్లంలోను ప్రదర్శించాలన్నాయి. కాని ధరల పట్టిక వేరు, వ్యయ అంచనా వేరు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగి హక్కుల పత్రం ఈ లోటును గుర్తించింది. చికిత్సకు కాగల ఖర్చును ముందే తెలపాలని, రోగి స్థితి మారి ఖర్చు పెరిగితే లిఖితపూర్వకంగా తెలియజేయాలని పేర్కొంది.

ఈ రెండు మార్గాలు 2020లో ఎదురుపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిడ్ చికిత్సకు రోజుకు ఐసొలేషన్ వార్డులో రూ. 4,000, ఐసీయూలో రూ. 7,500, వెంటిలేటరుతో రూ. 9,000 గరిష్ఠ ధరలుగా నిర్ణయించింది. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు వంటివి ఈ ప్యాకేజీకి వెలుపలే ఉండిపోయాయి. ఢిల్లీలో నిర్ణయించిన ధరలు అంకెల్లో ఎక్కువైనా, పీపీఈ ఖర్చు వాటిలోనే కలిసి ఉంది. తెలంగాణ 2021లో కిట్టుకు రూ. 273 గరిష్ఠ ధరగా విధించింది. అయితే కిట్టు ధర తెలిసినంత మాత్రాన రోగికి మొత్తం ఖర్చు తెలియదు. ఒక నర్సు ఒకే కిట్టుతో వార్డులో పలువురిని చూసినప్పుడు ఆ ఖర్చును ఎవరి ఖాతాలో, ఎంత మేరకు వేయాలన్నది వేరే ప్రశ్న.

దీన్నిబట్టి, గరిష్ఠ ధర తక్కువగా ఉండడమొక్కటే పారదర్శకత కాదని స్పష్టమవుతోంది. ప్రామాణిక జాగ్రత్తను మూల ధరలో చేర్చినప్పుడే ముందస్తు అంచనా అర్థవంతమవుతుంది. అది వెలుపల ఉన్నంతకాలం, సిబ్బందికీ రోగులందరికీ రక్షణనిచ్చే ఏర్పాటు భారం పడక మీద ఉన్న ఒక్కరిపైనే పడుతుంది. 1897 చట్టం ప్రభుత్వానికి వదిలిన ప్రశ్నకు రోగి పక్షాన సమాధానం ఇంకా పూర్తి కాలేదు.